పలికిన మాట, అచ్చైన మాట

థామస్ కార్లైల్ 1840వ సంవత్సరము మే మాసమున లండను నగరమందు మహాపురుషులను గూర్చి ఆఱు ఉపన్యాసము లిచ్చెను. దేవుడు, ప్రవక్త, కవి, మతాచార్యుడు, గ్రంథకర్త, రాజు అను రూపములలో వీరులను వర్ణించెను. (స్త్రీ యొక్కతెయు నందు లేకుండుట మాకు లోపముగనే తోచుచున్నది.) అవి వ్రాసికొని చదివినవి గావు. పిదప వ్రాసి 1841లో అచ్చొత్తించెను.

కావున సభలో పలికినది వేఱు, పుస్తకమందలిది వేఱు. అంతటితోనైన ముగిసెనా? 1881లో కార్లైల్ మరణించులోపలనే ఆ గ్రంథము పలుమాఱులు ముద్రితమయ్యెను. మార్పులలో కర్త చేసిన వెన్ని, అక్షరములు కూర్చువారు చేసిన వెన్ని? 1993లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రకటించిన ప్రతియందు గోల్డ్‌బర్గు మున్నగు పరిష్కర్తలు ఆ ముద్రణలను సరిపోల్చి, పాఠమును నిర్ణయించి, విపులమైన వివరణములు కూర్చిరి.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనరాదు. నేలకొండపల్లిలో బుట్టి, పాల్వంచ పరగణా తహసీలుదారై, భద్రాద్రి గుడి కట్టించి, గోలకొండ చెఱ ననుభవించిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దివాడు. ఆనాడు తెలుగున అచ్చు లేదు. ఆయన కీర్తనములు నోటినుండి నోటికి వచ్చినవి. ఒక యూరి భజనలో వినబడు చరణము పొరుగూర మఱొక తీరున వినబడును. అచ్చుపుస్తకమును జూచి, ఇంట అవ్వ పాడు పాఠము తప్పని విద్యార్థులు తొందరపడి దిద్దుచుందురు. ఆ పుస్తకపు పాఠమును ఎవరో యొక గాయకుని నోట వినినదే కావచ్చును గదా! ఈ సెలవులలో అవ్వ పాడినది పాడినట్లే వ్రాసికొని, ఊరిపేరును తేదీయు వేసి తెండు.