జిల్లేడు, తుమ్మెద, మునగకాయ

ఇల్లు పాడై జిల్లేళ్లు మొలచునని తిట్టుట మనలో వాడుక. అందుచేతనే కాబోలు, పెరటిలో జిల్లేడు కనబడినతోడనే పెక్కురు దానిని పెరికి పారవేయుదురు. పెరుకుటకు ముందు దాని పనిని తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

జిల్లేడు మన దేశపు మొక్క. బహువార్షికము. ఒకమారు వేరూనిన పిమ్మట ఎరువు కోరక పెక్కేండ్లు బ్రదుకును. ఏడాది పొడుగునను పూయును.

దాని పువ్వు వింతయైనది. ఇందు పుప్పొడి పొడిగా రాలక, మైనమువంటి చిన్న ముద్దలుగా, రెండేసి జతపడి యుండును. తేనెకై వ్రాలిన కీటకము కాలు పువ్వునందలి సన్నని చీలికలో దిగును. కాలిని పైకి లాగినపుడు ఆ జతయు దానితో వచ్చి, వేఱొక పువ్వును చేరును. అల్పకీటకములకు ఇంత బలము చాలదు. ఎండుకొయ్యను తొలిచి గూడు చేసికొను నల్లని పెద్ద తుమ్మెదయే దీనికి తగినది. మునగపూవులను ఫలింపజేయువానిలో ఈ తుమ్మెద ముఖ్యమైనది. మునగ పూయని దినములలో దానికి జిల్లేటి తేనె ఆహారమగును. కావున జిల్లేటిని పెరికినవాడు తన మునగచెట్టునకు పనిచేయు కూలివాని కూడు తీసివేసినట్లే.

నారింజవన్నె రెక్కలకు నల్లని అంచును, అందు తెల్లచుక్కలును గల సీతాకోకచిలుక జిల్లేటి ఆకులపై గ్రుడ్లు పెట్టును. నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగులు ఆ యాకులను మేసి పెరుగును. ఆకులు చిల్లులు పడుట తెగులు కాదు, పురుగుమందు చల్లరాదు.

పెంచు విధము: కాయ ముదిరి పగులనారంభించినపుడు గింజలు తీసి, దూదిని తొలగించి, తొలకరిలో అరంగుళము లోతున విత్తవలెను. ఎండ తగులుచు నీరు నిలువని మూల శ్రేష్ఠము.

హెచ్చరిక: జిల్లేటిపాలు కంటబడిన చూపునకు ప్రమాదము. పసిపిల్లలును పశువులును తిరుగుచోట నాటరాదు. ముట్టిన చేతులను కడుగుకొనవలెను. కంటబడెనా, ధారాళముగా నీటితో కడిగి వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

విద్యార్థులారా! ఒక ఉదయమున పూచిన జిల్లేటికి కొంచెము దూరమున పది నిమిషములు నిలిచి, ఏయే కీటకములు ఎన్నిమార్లు వచ్చెనో వ్రాసికొనుడు. మరుసటి వారము మునగచెట్టుకడను అట్లే చేయుడు. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, ఈ పాఠము మీకే బోధపడును.