పుట్టుకతో ఎవరూ దొంగలు కారు
(నేరశాస్త్ర పండితులను స్మరించుకుంటూ ఒక పాఠం)



మన సంచికకు పాఠం లాంటి వ్యాసం ఒకటి రాసి ఇవ్వమన్నప్పుడు మాకు ముందుగా ఒక ట్రంకు పెట్టె గుర్తుకు వచ్చింది. మాలో కొందరం రామకుప్పం రాకముందు వేరే ఊళ్లో చదువుకున్నాం. అక్కడ ఒకనాడు ఒక అబ్బాయి దాచుకున్న 80 రూపాయలు కనబడలేదు. ఎవరూ ఏమీ అనకముందే అందరి చూపులూ ఒకే పిల్లవాడి మీదికి పోయాయి. అతడు ఏ తప్పూ చేయగా ఎవరూ చూడలేదు. అతని అమ్మానాన్నలు సంతల్లో బుట్టలు, చాటలు అమ్ముకునేవారు. అతని కులం పేరు చెప్పి "వాళ్లంతే" అనడం పెద్దల నోట మేము విన్నాం. అంతే, ముందుగా అతని పెట్టెనే బోర్లించారు. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, ఒక పలక బయటపడ్డాయి. మూడు రోజుల తర్వాత ఆ డబ్బు పోగొట్టుకున్న అబ్బాయి సోషల్ పుస్తకం అట్ట లోపలే దొరికింది. తప్పయిందని అతనికి ఎవరూ చెప్పలేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లిన ఆ పిల్లవాడు మళ్లీ బడికి రాలేదు.

ఆ రోజు చుట్టూ నిలబడి చూసినవారిలో మేమూ ఉన్నాం. అందుకే ఈ పాఠం.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మన పెద్దలు అంటుంటారు. నేరబుద్ధి నిజంగా పుట్టుకతో వస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కొందరు తమ జీవితాలను ధారపోశారు. వారిలో చాలామంది ఇప్పుడు మన మధ్య లేరు. వారిని తలచుకుంటూ, వారు మనకు ఏమి మిగిల్చి వెళ్లారో తెలుసుకుందాం.

నేరశాస్త్రం అంటే ఏమిటి?

ఏ పని నేరం, దానికి శిక్ష ఎంత అని చెప్పేది చట్టం. మనిషి ఆ పని ఎందుకు చేస్తాడు, సమాజం అతనితో ఎలా ప్రవర్తిస్తుంది, ఆ మనిషి మళ్లీ బాగుపడే దారి ఏది అని పరిశోధించేది నేరశాస్త్రం. పోలీసు, న్యాయవాది, జైలు అధికారి కావాలనుకునే విద్యార్థులకే కాదు, పదిమందిలో బతికే ప్రతి ఒక్కరికీ ఇది అవసరమైన చదువే.

పుర్రెలు కొలిచిన పండితుడు

ఇటలీ దేశపు వైద్యుడు చెజారే లాంబ్రోసో (1835–1909) ఈ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకరు. ఖైదీల పుర్రెలు, దవడలు, చెవులు కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్థులనీ, వారి ఆకారమే ఆ సంగతి చెబుతుందనీ 1876లో ఒక గ్రంథం ప్రకటించారు. నేరాన్ని గురించి ఊహలు కట్టిపెట్టి మనిషిని పరిశీలించాలని చెప్పినందుకు ఆయనను గౌరవిస్తాం. కాని ఆయన చేరిన నిర్ణయం తప్పు.

అది తప్పని తేల్చినవారిలో ఇంగ్లండు జైళ్లలో పనిచేసిన డాక్టర్ చార్లెస్ గోరింగ్ (1870–1919) ముఖ్యులు. ఆయన సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, జైలుకు వెళ్లని మనుషులతో పోల్చి చూశారు. నేరస్థుడికంటూ ప్రత్యేకమైన ముఖం గాని, పుర్రె గాని లేవని 1913లో ప్రకటించారు. మాంచెస్టర్ జైలులో వైద్యాధికారిగా ఉండగా ఇన్‌ఫ్లుయెంజా సోకి ఆయన మరణించారు.

ఒక తప్పుడు సిద్ధాంతాన్ని పడగొట్టాలంటే కోపం చాలదు, ఓపికగా లెక్క తీయాలి. గోరింగ్ జీవితం మనకు నేర్పేది ఇదే.

మన దేశంలో ఏమి జరిగింది?

లాంబ్రోసో పుస్తకానికి ఐదేళ్ల ముందే, 1871లో, బ్రిటిషు ప్రభుత్వం మన దేశంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది వారి వాదం. 1911లో కొత్త చట్టం వచ్చాక ఇది మద్రాసు రాజధానికీ వర్తించింది. అప్పుడు మన ప్రాంతం అందులోదే. ఒక కులాన్ని ప్రభుత్వం నేరస్థ జాతిగా ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైనదా కాదా అని కోర్టులో అడిగే వీలు లేదు. నేరం చేయకపోయినా పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకునేవారు. నిర్ణీత వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. తెలుగునాట ఎరుకల, యానాదుల్లో ఎన్నో కుటుంబాలు ఈ చట్టం కింద నలిగిపోయాయి. బాపట్ల దగ్గర 1913లో వెలసిన స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లాలోని కావలి సెటిల్మెంట్లు ఆ కాలంలో ఏర్పడినవే.

మన హాస్టల్లో కూడా సాయంత్రం హాజరు ఉంటుంది. పిల్లలందరూ క్షేమంగా చేరారా, ఎందరికి అన్నం వండాలి అని తెలుసుకోవడానికి అది. సెటిల్మెంటులో హాజరు, మనిషిని అనుమానించడానికి. రెండూ రిజిస్టర్లే. తేడా పిలిచేవారి ఉద్దేశంలో ఉంది.

అసలు ఈ కుటుంబాలకు ఆ గతి ఎందుకు పట్టింది? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో దీనిని వివరించారు. తమిళనాట కొరవలు అని పిలిచే ఎరుకలవారు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్ర తీరం నుంచి ఉప్పు మోసుకొచ్చి లోపలి ఊళ్లలో అమ్మి, ధాన్యం తీసుకెళ్లేవారు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్లు కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలు వెదురుకు, ఆకుకు, మేతకు అడ్డం పడ్డాయి. బతుకుతెరువు పోయినవారిని ఆదుకోవలసిన ప్రభుత్వమే వారి మీద దొంగలన్న ముద్ర వేసింది.

ఆ చట్టాన్ని తీయించినవారు

ఈ అన్యాయాన్ని ఎదిరించిన తెలుగువారిలో మొదట చెప్పుకోవలసినవారు నెల్లూరు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు (1897–1981). గాంధేయవాది అయిన ఆయన యానాదుల కోసం, ఎరుకల కోసం, సంచార జాతుల కోసం జీవితమంతా పనిచేశారు. యానాదుల మీద 1962లో, సంచార జాతుల మీద 1968లో ఇంగ్లీషులో గ్రంథాలు వెలువరించారు. ఎవరి గురించి రాశారో వారి మధ్య తిరిగి రాసిన పుస్తకాలు అవి. నేరస్థ జాతుల చట్టం రద్దు కావాలని పోరాడిన ప్రముఖుల్లో ఆయన ఒకరు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనే ఆ చట్టం రద్దయింది. 1973లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది.

రెండవవారు మన జిల్లా వారే. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు (1891–1978) ఉమ్మడి చిత్తూరు జిల్లా తిరుచానూరులో జన్మించారు. న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమంలో జైలు జీవితం గడిపినవారు. లోక్‌సభ స్పీకరుగా 1956 నుంచి 1962 వరకు పనిచేసిన సంగతి జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉంటుంది. అంతకు ముందు ఆయన చేసిన ఒక పెద్ద పని మాత్రం ఆ పుస్తకాల్లో సాధారణంగా కనబడదు. నేరస్థ జాతుల చట్టాన్ని విచారించడానికి కేంద్ర ప్రభుత్వం 1949లో నియమించిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఆ సంఘం 1950లో నివేదిక ఇచ్చి, చట్టాన్ని దేశమంతటా రద్దు చేయాలనీ, ఆ కుటుంబాలు నిలదొక్కుకోవడానికి నిధులు ఇవ్వాలనీ సిఫారసు చేసింది. దాని ఫలితంగా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అందుకే ఆ కులాలను విముక్త జాతులు అంటారు. వారు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. మనకు ఆగస్టు 15 ఎంతో, వారికి ఆ రోజూ అంతే.

వీరిద్దరూ విశ్వవిద్యాలయాల్లో నేరశాస్త్రం బోధించిన ఆచార్యులు కారు. అయినా పుట్టుకను బట్టి మనిషిని నేరస్థుడనరాదన్న సత్యాన్ని మన గడ్డ మీద చట్టంగా నిలబెట్టడానికి పాటుపడ్డారు. అందుకే ఈ స్మరణలో వారికి ముందు పీట వేశాం.

సావాసం, వాడ, ముద్ర

మరి నేరం పుట్టుకతో రాకపోతే ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికా పండితుడు ఎడ్విన్ సదర్లాండ్ (1883–1950) చెప్పిన జవాబు మనకు కొత్తది కాదు. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అనే మన సామెతే దానికి దగ్గర. మనం భాష నేర్చుకున్నట్టే నేరం కూడా దగ్గరివారితో కలిసి తిరగడం వల్ల నేర్చుకునేదే అని ఆయన సిద్ధాంతం. నేర్చుకున్నది కాబట్టి మానుకోవడమూ సాధ్యమే అన్న ఆశకు అందులో చోటుంది.

ఆయన మరో ముఖ్యమైన పని చేశారు. నేరం పేదవారి జబ్బు అని అందరూ అనుకుంటున్న కాలంలో 70 పెద్ద కంపెనీల చరిత్ర తిరగేశారు. వాటికి వ్యతిరేకంగా కోర్టులు, ప్రభుత్వ సంస్థలు ఇచ్చిన 980 తీర్పులు, ఉత్తర్వులు బయటపడ్డాయి. అంటే సగటున ఒక్కో కంపెనీకి 14. ఈ పుస్తకం 1949లో వచ్చింది. ప్రచురణకర్తలు భయపడి కంపెనీల పేర్లు తీసివేయించారు. పేర్లతో కూడిన పుస్తకం 1983లో గాని అచ్చు కాలేదు, అప్పటికి ఆయన పోయి 33 ఏళ్లు. "దొంగకు దొంగబుద్ధి, దొరకు దొరబుద్ధి" అనే సామెత సదర్లాండ్ లెక్కల ముందు నిలవదు. దొరకూ దొంగబుద్ధి ఉండవచ్చు, కాని అతని పెట్టెను ఎవరూ బోర్లించరు.

షికాగో నగరంలో క్లిఫర్డ్ షా (1895–1957), హెన్రీ మెకే (1899–1980) అనే ఇద్దరు మిత్రులు బాలనేరస్థుల ఇళ్లను పటం మీద గుర్తించారు. కొన్ని పేట్లలో ఏ దేశం నుంచి వచ్చినవారు ఉన్నా పిల్లల నేరాలు ఎక్కువే. వారు వెళ్లిపోయి వేరేవారు వచ్చినా ఆ పేట్లలో అదే పరిస్థితి. మంచి పేటకు మారిన కుటుంబాల్లో నేరాలు తగ్గాయి. లోపం జాతిలో లేదు, బతికే చోటులో ఉంది అని తేలింది. అందుకే షా లెక్కలతో ఆగకుండా, అక్కడి జనాన్నే కలుపుకొని పిల్లల కోసం పనిచేసే పథకాన్ని 1930లలో ప్రారంభించారు. ఈ సంగతి చదివినప్పుడు మాకు మన హాస్టలే గుర్తుకు వచ్చింది. అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోతే, ఒక పిల్లవాడికి మూడు పూటలా అన్నం, ఒక దీపం, నలుగురు చదువుకునే స్నేహితులు దొరికే చోటు ఇది.

చివరగా హోవర్డ్ బెకర్ (1928–2023). ఆయన యువకుడిగా ఉన్నప్పుడు షికాగో క్లబ్బుల్లో పియానో వాయించిన సంగీతకారుడు. 1963లో వెలువరించిన పుస్తకంలో, సమాజం ఒకరి మీద వేసే ముద్ర గురించి రాశారు. తప్పు చేసినవారందరికీ ముద్ర పడదు, ముద్ర పడినవారందరూ తప్పు చేసినవారు కారు. ఒకసారి ముద్ర పడ్డాక బడి, పని, స్నేహం ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. చివరకు ఆ మనిషికి ముద్ర చూపించే దారి ఒక్కటే మిగులుతుంది. సంక్రాంతి తర్వాత రాని మా స్నేహితుడికి బడి తలుపు మూసింది దొంగతనం కాదు, మా చూపు.

పాఠం ఇంకా పూర్తి కాలేదు

1952లో చట్టం పోయింది గాని ముద్ర పోలేదు. దాని స్థానంలో అనేక రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చాయి. కులం పేరు లేకపోయినా పాత అనుమానం కొత్త రిజిస్టరులోకి చేరింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు కూడా మిగిలే ఉండేవి. పాత్రికేయురాలు సుకన్యా శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న అటువంటి నిబంధనలను కొట్టివేసింది. విముక్త జాతుల వారిని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడరాదని చెప్పింది. అంటే 1871లో మొదలైన తప్పును దిద్దే పని 153 ఏళ్ల తర్వాత కూడా సాగుతూనే ఉంది.

తమ్ముళ్లారా, ఆ పనిలో మన వంతు కూడా ఉంది. హాస్టల్లో వస్తువు పోతే ముందు పోగొట్టుకున్నవారు తమ పెట్టె, పుస్తకాలు నిదానంగా వెతుక్కోవాలి. తర్వాత వార్డెన్ గారికి చెప్పాలి. సోదా చేయవలసి వస్తే వరుసగా అందరి పెట్టెలూ చూడాలి, ఒక్కరి పెట్టె కాదు. ఎవరి కులం, ఎవరి ఊరు అన్న మాట రాకూడదు. అనుమానం తప్పని తేలితే అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. తప్పు చేసినవాడు నిజంగా దొరికినా, అతడు ఆ రోజు చేసిన తప్పుకే జవాబుదారీ. జీవితాంతం అతనికి అదే పేరు కాకూడదు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ ఊళ్లో ఏ కులం గురించి అయినా "వాళ్లంతే" అనే మాట విన్నారా? ఆ మాటకు ఆధారం అడిగారా?

2. వేరే అడ్రసులో, వేరే స్నేహితుల మధ్య పుట్టి ఉంటే మీరు ఇప్పుడు ఎక్కడ ఉండేవారు?

3. ఆగస్టు 31న మన హాస్టల్లో ఏమి చేయవచ్చు?

మూడో ప్రశ్నకు మా జవాబు చెప్పి ముగిస్తాం. ఆ రోజు సాయంత్రం హాజరు అయ్యాక, రాఘవయ్య గారి పేరు, అనంతశయనం అయ్యంగార్ గారి పేరు ఒకసారి గట్టిగా చదవండి. ఆ తర్వాత, తిరిగి రాని మా స్నేహితుడి కోసం ఒక్క నిమిషం నిలబడండి. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. అతడు ఎక్కడ ఉన్నా, ఏ ముద్రా లేకుండా బతుకుతున్నాడని ఆశిస్తున్నాం. ఈ సంచిక ఏనాడైనా అతని చేతికి అందితే, మేము ఆ రోజు చెప్పని మాట ఇక్కడ ఉంది: తప్పు మాది, క్షమించు.