చెమట ఆరక ముందే

కూలివాని చెమట ఆరక ముందే అతని కూలి ఇచ్చివేయాలన్న దైవప్రవక్త (సల్లం) హితబోధ మనందరికీ తెలిసిందే. దీన్ని మనం సాధారణంగా దయాగుణం కిందే చెప్పుకుంటాం. కాని కూలి శ్రామికుని హక్కు. ఒక్కోసారి అతని ప్రాణం కూడా దానితోనే ముడిపడి ఉంటుంది.

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లో, ఢాకా సమీపంలోని సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనానికి పగుళ్లు కనిపించాయి. పై అంతస్తులు అనుమతి లేకుండా వేసినవి. పరిశీలించిన ఇంజనీరు ప్రమాదమని చెప్పాడు. కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. పైన విదేశీ కంపెనీలకు దుస్తులు కుట్టే ఫ్యాక్టరీలు మాత్రం మర్నాడు ఉదయం తెరుచుకున్నాయి. ఆర్డర్లు గడువులోగా పంపాలి కదా! లోపలికి రావడానికి జంకిన కార్మికులను, రాకపోతే జీతం ఆపేస్తామని బెదిరించారు. అప్పటి కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. నెలాఖరు దగ్గరపడింది. చేసిన పనికి రావలసిన డబ్బు ఇంకా యజమాని దగ్గరే ఉంది. వారు లోపలికి వెళ్లారు. తొమ్మిది గంటలకు ముందే భవనం కుప్పకూలింది. 1,100 మందికి పైగా మరణించారు.

ఆ బాకీ జీతం ముందే చేతికి వచ్చి ఉంటే, వారిలో ఎంతోమంది గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు.

తమకు రావలసింది నిండుగా కొలిపించుకొని, ఇతరులకు తగ్గించి ఇచ్చేవారిని ఖుర్ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఇదేదో త్రాసు పట్టే వర్తకులకు చెప్పిన మాట అనుకుంటాం. పని నిండుగా చేయించుకొని కూలిలోనూ, రక్షణలోనూ కోతపెట్టే కంపెనీ చేసేదీ అదే తూకం. అలా కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన అల్లాహ్‌యే స్వయంగా ప్రత్యర్థిగా నిలుస్తాడని బుఖారీలోని హదీసు తెలుపుతోంది. లాభం హరామ్ ఏమీ కాదు. హజ్రత్ ఖదీజా (రజి) పెద్ద వ్యాపారమే నడిపారు. ప్రవక్త (సల్లం) కూడా మక్కాలో కూలికి గొర్రెలు కాశారు.

ఆ దుర్ఘటన తర్వాత కనీస వేతనం 5,300 టాకాలయింది. విదేశీ కంపెనీలు, కార్మిక సంఘాలు ఒప్పందం చేసుకొని తనిఖీలు జరిపిస్తే వందలాది ఫ్యాక్టరీల్లో లోపాలు బయటపడ్డాయి.

ఇక మన ఇళ్ల సంగతి. పనిమనిషి మధ్యలో మానేయకుండా ఒక నెల జీతం పట్టి ఉంచుకునే అలవాటు మనలోనూ ఉంది. వేతనం చిన్నదే కావచ్చు, కాని ఆమెను కట్టి ఉంచేది ఆ డబ్బే. ఈ నెల జీతంతోపాటు దాన్నీ ఆమె చేతిలో పెట్టేద్దాం.