కార్డు నుంచి నెలనెలా కట్ అయ్యే డబ్బు: ఆపుకోవడం ఎలా?



రంజాన్‌లో జకాత్ లెక్కకు కూర్చున్నప్పుడు మనం బంగారం, నగదు, బ్యాంకు నిల్వ, రావలసిన బాకీలు అన్నీ కాగితం మీద పెడతాం. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో మాత్రం కట్టాల్సిన మొత్తం చూసి పక్కన పెట్టేస్తాం. అందులో 149, 299, 499 అంటూ చిన్న చిన్న వరుసలు ఉంటాయి. ఈ మూడూ కలిపితే నెలకు 947 రూపాయలు, ఏడాదికి 11,364 రూపాయలు. ఎవరూ చూడని సినిమా యాప్‌కో, పిల్లలు ఎప్పుడో మానేసిన ట్యూషన్ యాప్‌కో పోయే ఈ సొమ్ము మన అవసరానికీ పనికిరాదు, అల్లాహ్ మార్గంలోనూ ఖర్చు కాదు. ఇస్రాఫ్ అనగానే పెళ్లి విందులే గుర్తొస్తాయి. ఇదీ ఇస్రాఫే.

ఎలా మొదలవుతుంది?

"ఏడు రోజులు ఉచితం" అంటారు. కార్డు నంబరు ఇస్తాం, ఓటీపీ కొడతాం. రూపాయో రెండు రూపాయలో కట్ అవుతాయి. ఆ ఓటీపీ రెండు రూపాయల కోసం అడిగింది కాదు. ఇకపై నెలనెలా డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి అది. దీనినే ఈ-మాండేట్ అంటారు. రిజర్వ్ బ్యాంకు 2022 జూన్‌లో పెంచిన పరిమితి ప్రకారం 15,000 రూపాయల వరకు ఇలాంటి చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ అక్కర లేదు. అందుకే మనకు తెలియకుండానే సాగిపోతుంది.

మనకు ఉన్న హక్కులు

2021 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు ఈ నియమాలను కచ్చితంగా పాటిస్తున్నాయి. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకు ఎస్సెమ్మెస్ గానీ ఈ-మెయిల్ గానీ పంపాలి. ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునైనా, మొత్తం మాండేట్‌నైనా వద్దనుకునే వీలు ఇవ్వాలి. ఇందుకు రుసుము తీసుకోకూడదు. ప్రకటనల మెసేజీల మధ్య దీన్ని చూడకుండా వదిలేయడమే మనలో చాలామంది చేస్తున్నది.

ఆపే క్రమం

1. ముందు కంపెనీ దగ్గర రద్దు చేయాలి. ఫోన్ నుంచి యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, మన ఫొటో గుర్తు నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మన పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. నేరుగా కంపెనీ వెబ్‌సైట్‌లో చేరి ఉంటే అక్కడే అకౌంట్ పేజీలో రద్దు చేయాలి.

2. రద్దయినట్టు వచ్చిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. తర్వాత వివాదం వస్తే ఇదే సాక్ష్యం.

3. ఆపైన బ్యాంకు యాప్‌లో గానీ నెట్‌బ్యాంకింగ్‌లో గానీ మాండేట్‌ను రద్దు చేయాలి. యూపీఐ ద్వారా పెట్టుకున్నదైతే ఆ యూపీఐ యాప్‌లోనే ఆటోపే విభాగంలో ఆపాలి.

4. కార్డును విదేశాల్లో వాడే అవసరం లేకపోతే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలను ఆపి ఉంచుకోవచ్చు. ఈ సౌకర్యం 2020 అక్టోబర్ నుంచి ఉంది.

ఈ పని చేసేటప్పుడు కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు. మోసగాళ్లు అక్కడ దొంగ నంబర్లు పెడుతుంటారు. కార్డు వెనుక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయాలి. "మీ సబ్‌స్క్రిప్షన్ మేం రద్దు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అన్నవాడు దొంగే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఆపినా కట్ అయితే?

ఇక్కడ రెండు రకాలు వేరు చేసుకోవాలి. మనమే అనుమతిచ్చి మరిచిపోయినదైతే పాత నెలల డబ్బు తిరిగి రావడం కష్టం. కంపెనీని మర్యాదగా అడిగి చూడవచ్చు. రద్దు చేశాక కూడా తీసుకుంటే స్క్రీన్‌షాట్ జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అసలు మనం అనుమతే ఇవ్వని చెల్లింపైతే మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పాలి. తప్పు మనది గానీ బ్యాంకుది గానీ కానప్పుడు, అలా చెప్పినవారిపై నష్టభారం ఉండదని 2017 జూలై నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశం చెబుతోంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారం కోసం 14448కి ఫోన్ చేయవచ్చు. కంపెనీయే రద్దు బటన్ దాచిపెట్టి తిప్పలు పెడుతుంటే, 2023 నవంబర్ 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు దానిని 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' పేరుతో నిషేధించాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఒక హెచ్చరిక. కోపంతో బిల్లు కట్టడం మానేయకూడదు. చాలా కార్డులపై వడ్డీ నెలకు 3 శాతానికి పైనే ఉంటుంది. 299 రూపాయల తగవు కోసం వడ్డీ జోలికి పోవడం మనకు దీన్ పరంగానూ నష్టం, దునియా పరంగానూ నష్టం.

విరాళాల మాట

నెలనెలా విరాళం కూడా ఇలాగే కార్డు నుంచి వెళ్లేలా పెట్టుకున్నవారు మనలో ఉన్నారు. మంచి అలవాటే. అయితే సదఖా నియ్యత్‌తో ఇవ్వాలి గానీ మరుపుతో పోకూడదు. ఏ సంస్థకు ఎంత వెళ్తోందో ఏడాదికోసారి చూసుకోండి. కొనసాగించాలా, పెంచాలా, ఆపాలా అన్నది తెలిసి నిర్ణయించండి. ఆపుతామన్న దాతకు దారి చూపడం సంస్థల బాధ్యత. ప్రజల సొమ్ము అమానత్ కదా!

చివరగా ఇంటి పని

బడిలో పాఠం చివర ఇంటి పని ఇచ్చినట్టే ఇక్కడా ఒకటి. గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తీయండి. మూడింటిలోనూ కనిపించే పేర్లను నోటుపుస్తకంలో రాయండి. ఎదురుగా మొత్తం, కట్ అయ్యే తేదీ, ఇంట్లో ఎవరు వాడుతున్నారు అన్నవి రాయండి. ఏడాదికోసారి తీసుకునేవి ఇందులో దొరకవు, వాటి కోసం పన్నెండు నెలలూ చూడాలి. అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమని సూరె బఖరా 282వ ఆయత్ మనకు బోధించింది. రాసుకునే అలవాటు మనకు కొత్త కాదు. ఎవరూ వాడని వరుసను కొట్టివేసి, మిగిలిన మొత్తంతో ఒక విద్యార్థికి పుస్తకాలు కొనివ్వగలమేమో ఆలోచిద్దాం, ఇన్షా అల్లాహ్.