స్కానింగుకు పరగడుపునా, నీళ్లు తాగా?

ప్రశ్న: మాది బోధన్ దగ్గర పల్లె. నాకు 52 ఏళ్లు, షుగరు ఉంది. కుడి డొక్కలో నొప్పి వస్తుంటే డాక్టరు గారు కడుపు స్కానింగు రాశారు. ఏమీ తినకుండా రమ్మన్నారు. నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకొని రమ్మని కూడా అన్నారు. రెండూ ఎట్లా కుదురుతాయి? షుగరు గోలీ వేసుకోవాలా?

జవాబు: కుదురుతాయమ్మా. పరగడుపున రమ్మనేది పిత్తాశయం కోసం. కాలేయం కింద ఉండే ఈ చిన్న సంచి, మనం తినకుండా ఉన్నంతసేపు పైత్యరసంతో నిండి ఉంటుంది. నూనె, నెయ్యి, పాలు ఏవి లోపలికి పోయినా ముడుచుకుపోతుంది. అలా ముడుచుకున్నాక అందులో రాళ్లున్నాయో లేదో, గోడ వాచిందో లేదో తేల్చడం కష్టం. మీకు నొప్పి కుడివైపే కాబట్టి డాక్టరు ముందుగా చూడాలనుకునేది దాన్నే. ‘చాయ్ ఒక్కటే తాగాను సార్’ అని రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పాలు పోసిన చాయ్ కూడా తిండి కిందే లెక్క. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. బీడీ, గుట్కా, చూయింగ్ గమ్ కూడా వద్దు. వాటితో గాలి మింగుతాం. ఈ పరీక్షలో వాడే ధ్వని తరంగాలు గాలిని దాటి పోలేవు. చర్మానికి, యంత్రానికి మధ్య గాలి లేకుండా చేయడానికే పొట్టమీద చల్లటి జెల్ రాస్తారు.

ఉత్త మంచినీళ్లకు పిత్తాశయం ముడుచుకోదు. నిండిన మూత్రాశయం పేగులను పక్కకు నెట్టి, వెనక ఉన్న గర్భసంచి, అండాశయాలు కనబడేలా చేస్తుంది. నీళ్లు తాగమన్నది అందుకే. అయితే బోధన్‌లో బస్సెక్కే ముందు తాగారో, నిజామాబాద్ చేరేసరికి మీ అవస్థ చెప్పనలవి కాదు. చెరుకు కోతల కాలంలో ట్రాక్టర్ల వెనక బస్సు చిక్కుకుంటే మరీను. సెంటరుకు చేరి, మీ వంతు ఎప్పుడో అడిగి, దానికి గంట ముందు మూడు నాలుగు గ్లాసులు తాగండి. ఓర్చుకోలేనంతగా నిండితే సిబ్బందికి చెప్పి కొద్దిగా పోసి రండి, నష్టం లేదు.

షుగరు గోలీ తిండితో కలిపి వేసుకునేది. ఏమీ తినకుండా వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. స్కానింగు అయి, తిన్నాకే వేసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు ఆ పూట మోతాదు సంగతి తమ డాక్టరును ముందు రోజే అడగాలి, సొంతంగా మానేయకూడదు. బీపీ గోలీ మాత్రం రెండు గుక్కల నీళ్లతో ఎప్పటిలాగే వేసుకోవచ్చు. ‘షుగరు ఉంది, పొద్దున మొదటి వంతు ఇవ్వండి’ అని గట్టిగా అడగండి, మొహమాటం వద్దు. చెమటలు పట్టి, చేతులు వణికితే స్కానింగు పాడవుతుందని చూడకుండా వెంటనే చక్కెర నోట్లో వేసుకోండి. స్కానింగు మర్నాడైనా చేసుకోవచ్చు.

చాలా చీటీల మీద ‘ఫాస్టింగ్’ అన్న ఒక్క ముక్కే రాసి ఇస్తారు. ఏ భాగానికి స్కానింగో, నీళ్లు తాగాలో వద్దో తెలుగులో రెండు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? రాయకపోతే మీరే అడగండి.

ప్రశ్న: మూడో నెల. స్కానింగులతో బిడ్డకు చెరుపని మా అత్తమ్మ అంటోంది. ప్రతిసారీ మూత్రం ఆపుకోవాలా?

జవాబు: ఇందులో ఎక్స్-రే కిరణాలు ఉండవు, ఉండేది చెవికి వినబడని శబ్దమే. లోహంలో లోపాలు పట్టే పరిశ్రమల యంత్రాన్ని తీసుకొని గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ కడుపులో గడ్డలున్నవారి మీద, గర్భిణుల మీద ప్రయోగాలు చేశారు. వాటి ఫలితాలను 1958లో ప్రచురించారు.  డాక్టరు రాసిన స్కానింగులతో బిడ్డకు హాని జరిగినట్టు ఇన్నేళ్లలో రుజువు కాలేదు. ముచ్చటకు చేయించుకోవడం మాత్రం వద్దు.

తొలి వారాల్లో పొట్ట మీద నుంచి చూసేటప్పుడే నిండిన మూత్రాశయం కావాలి. యోని ద్వారా చేసే స్కానింగుకు మూత్రం పోసే రావాలి. 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచేది ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసేది టిఫా. టిఫాకు పరగడుపు అక్కర్లేదు, తినే వెళ్లండి. ఆఖరి నెలసరి మొదటి రోజు తారీఖు రాసి పెట్టుకోండి, వారాల లెక్క దాన్నుంచే. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి, మీ ఏఎన్‌ఎంను అడగండి. రక్తస్రావమో, తీవ్రమైన కడుపునొప్పో వస్తే ఈ సిద్ధపాటు ఏదీ అక్కర్లేదు. ఉన్నపళంగా ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న: గర్భిణి స్కానింగుకు పోతే ఆధార్ అడిగారు, ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. ఎందుకు?

జవాబు: 1994 నాటి చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదు, అడగకూడదు. ప్రతి గర్భిణి స్కానింగుకూ ఫారం ఎఫ్ నింపాల్సిందే. మీ ఆధార్, సంతకం అడిగింది అందుకే. చెప్పిన డాక్టరుకే కాదు, చెప్పించుకున్న కుటుంబీకులకూ శిక్ష ఉంటుంది. కుటుంబీకులకు మొదటిసారే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా పడవచ్చు. డాక్టరు నవ్వితే అబ్బాయి, నవ్వకపోతే అమ్మాయి అని గుర్తులు వెతికే పెద్దలను ఆ గదికి దూరంగా కూర్చోబెట్టండి.

ప్రశ్న: చెరుకు కోతకు పోతాను. కిడ్నీలో 4 మిల్లీమీటర్ల రాయి అన్నారు. బీరు తాగితే పడిపోతుందంటున్నారు, చెరుకు రసంతో కరుగుతుందని ఇంకొకరు అంటున్నారు. మళ్లీ స్కానింగుకు ఎలా వెళ్లాలి?

జవాబు: అంత చిన్న రాయి చాలామందిలో దానంతట అదే పడిపోతుంది. బీరు మూత్రం ఎక్కువ పోయిస్తుంది కానీ ఒంట్లో నీటిని లాగేస్తుంది. చెరుకు రసం రాయిని కరిగించదు, చక్కెర మాత్రం పెంచుతుంది. కావలసింది నీళ్లే. ఎండలో పనిచేసేవారు దాహం కోసం ఎదురు చూడకుండా తాగుతూ ఉండాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలనట్టే.

కిడ్నీల స్కానింగుకు నిండిన మూత్రాశయంతో వెళ్లండి. నడివయసు దాటిన మగవారికి ఒకసారి చూసి, మూత్రం పోసి వచ్చాక మళ్లీ చూడవచ్చు. ప్రొస్టేటు గ్రంథి వల్ల మూత్రం ఎంత మిగిలిపోతోందో అప్పుడు తెలుస్తుంది. పాత రిపోర్టు మరవకండి. రాయి కదిలిందా, పెరిగిందా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. కిడ్నీ నుంచి మూత్రాశయానికి పోయే గొట్టంలోకి జారిన రాయి పేగుల గాలి చాటున కనబడకపోవచ్చు. రిపోర్టు నార్మల్ అని ఉన్నా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు మళ్లీ చూపించండి, సీటీ స్కాన్ అవసరం కావచ్చు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా స్కానింగు తారీఖు దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రండి.