మూడేళ్ల ఊరూ మన ఊరే: అర్జీ రాయడం నేర్చుకుందాం

అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మనకు కొత్త ఊరు, కొత్త బడి, కొత్త భాష. పుదుచ్చేరికి మనలో కొందరం విశాఖపట్నం నుంచి వచ్చాం, కొందరం సికింద్రాబాదు నుంచి, మరికొందరం ఖరగ్‌పూర్ నుంచి. మూడు నాలుగేళ్లు ఉంటాం, మళ్లీ సామాన్లు సర్దుకుంటాం. అందుకే కుళాయి నీళ్లు రంగు మారినా, వీధిలో మురుగు పొంగినా మన ఇళ్లలో తరచూ ఒక మాట వినిపిస్తుంది: "మనం ఉండేది నాలుగు రోజులు, మనకెందుకు?"

ఈ పాఠంలో ఆ మాటకు జవాబు వెతుకుదాం. వీధిలోని ఇబ్బందిని ఎవరికి చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి, ఎలా చెబితే పని జరుగుతుంది అనే మూడు సంగతులు తెలుసుకుందాం.

వాసన చెప్పే సంగతి

2024 జూన్ 11న పుదుచ్చేరిలోని రెడ్డియార్‌పాళయం, పుదునగర్‌లో ఘోరం జరిగింది. భూగర్భ మురుగు కాలువలో పుట్టిన విషవాయువు మరుగుదొడ్ల ద్వారా ఇళ్లలోకి వచ్చి ముగ్గురు చనిపోయారు. వారిలో మన వయసు అమ్మాయి కూడా ఉంది. దుర్వాసన వస్తోందని తాము ముందునుంచే చెబుతున్నామని అక్కడివాళ్లు అన్నారు.

మురుగు కాలువల్లో పుట్టే ఇలాంటి వాయువుల్లో ముఖ్యమైనది హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. బాగా ఎక్కువైతే మన ముక్కు దాన్ని పసిగట్టే శక్తినే కోల్పోతుంది. అంటే వాసన ఆగిపోయినంత మాత్రాన ప్రమాదం తప్పిందని అనుకోకూడదు. ఇలాంటి చోట ఎవరైనా స్పృహ తప్పితే మనం లోపలికి పరుగెత్తకూడదు, కాపాడబోయినవాళ్లూ పడిపోతారు. దూరంగా వచ్చి పెద్దల్ని పిలవాలి, 112కు ఫోన్ చేయాలి.

వీధిలో వచ్చే వాసన, నీళ్ల రంగు, కదిలే మూత చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ అవి ముందస్తు హెచ్చరికలు. ఆ గాలికి సొంతింటివాళ్లెవరో, అద్దెకున్నవాళ్లెవరో, బదిలీ మీద వచ్చినవాళ్లెవరో తెలియదు. మూడేళ్లే ఉండేవాళ్లు పీల్చేదీ ఆ గాలే, తాగేదీ ఆ నీళ్లే. కాబట్టి "మనకెందుకు?" అన్న మాటకు ఇదే మొదటి జవాబు.

ఎవరికి చెప్పాలి?

సమస్య చెప్పడంలో మనం ఎక్కువగా పొరపడేది చిరునామా దగ్గరే. తప్పు కార్యాలయానికి వెళ్లిన కాగితం బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

పుదుచ్చేరి పట్టణ ప్రాంతంలో రెండు పురపాలక సంఘాలు ఉన్నాయి. ఒకటి పుదుచ్చేరి, రెండోది ఉళవర్‌కరై. ఈ రెండోదాన్నే ఫ్రెంచివాళ్ల పలుకుబడిని బట్టి ఇంగ్లీషు బోర్డుల మీద ఔల్‌గరెట్ అని రాస్తారు. రెండు పేర్లు చూసి రెండు ఊళ్లనుకోవద్దు. లాస్‌పేట, రెడ్డియార్‌పాళయం ఉళవర్‌కరై కిందికి వస్తాయి. పట్టణం దాటి పల్లెల వైపు వెళితే కమ్యూన్ పంచాయతీలు మొదలవుతాయి. పుదుచ్చేరి ప్రాంతంలో ఇవి ఐదు: అరియాంకుప్పం, విల్లియనూరు, బాహూరు, మన్నాడిపట్టు, నెట్టపాక్కం. వీటి కింద గ్రామ పంచాయతీలు ఉంటాయి.

చెత్త ఎత్తకపోయినా, వీధి పక్క కాలువ పూడినా పురపాలక సంఘానికి గానీ కమ్యూన్ పంచాయతీకి గానీ రాయాలి. పట్టణంలో తాగునీటి సరఫరా, భూగర్భ మురుగు పారుదల ప్రజాపనుల శాఖ చూస్తుంది. కరెంటు సంగతి విద్యుత్ శాఖది. నివాస ధ్రువపత్రం, భూమి లెక్కలు రెవెన్యూ శాఖవి. అక్కడ మొదట కలవవలసింది గ్రామ పాలనాధికారిని. ఆయన పైన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, డిప్యూటీ తహసీల్దారు, తహసీల్దారు ఉంటారు. మనలో చాలామంది క్వార్టర్లలో ఉంటాం కదా, గేటు లోపలి పైపు పగిలితే మన సంస్థ ఇంజనీరింగ్ విభాగానికి చెప్పాలి. గేటు బయట పగిలితే ఊరి అధికారులకు చెప్పాలి.

ఓటు లేదు, తమిళం రాదు: అడగవచ్చా?

అడగవచ్చు. మన రాజ్యాంగంలో 350వ అధికరణం ఒకటుంది. తన ఇబ్బందిని తీర్చమని ఏ వ్యక్తి అయినా కేంద్ర లేదా రాష్ట్ర అధికారికి విన్నపం ఇవ్వవచ్చునని, ఆ విన్నపాన్ని కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాయవచ్చునని అది చెబుతుంది. "ఓటరు" అని గానీ, "స్థానికుడు" అని గానీ అందులో లేదు. "ప్రతి వ్యక్తి" అనే ఉంది.

పుదుచ్చేరిలో తెలుగు పరాయి భాష కూడా కాదు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి నాలుగు ముక్కలు: పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం. గోదావరి ఒడ్డున ఉన్న యానాం తెలుగు ఊరు. 1965 నాటి అధికార భాషల చట్టం తమిళాన్ని అధికార భాషగా చెబుతూనే, యానాంలో తెలుగును, మాహేలో మలయాళాన్ని అధికార వ్యవహారాలకు వాడుకోవచ్చునని చెప్పింది.

హక్కు వేరు, సౌకర్యం వేరు. కాగితం చదివే గుమాస్తాకు తెలుగు రాకపోతే పని ఆలస్యమవుతుంది. అందుకని తెలుగులో ఆలోచించి రాసుకుని, పక్కింటివారి సాయంతో తమిళ ప్రతినో, ఇంగ్లీషు ప్రతినో జత చేద్దాం. మనం అర్జీ అనేదాన్ని ఇక్కడ "మను" అంటారు. కన్నడంలోనూ అర్జీయే, మరాఠీలో "అర్జ్", గుజరాతీలో "అరజీ". రేపు ఎక్కడికి బదిలీ అయినా ఈ మాట మనకు పనికొస్తుంది.

వార్డు సభ్యుడు లేనప్పుడు

పుదుచ్చేరిలో పురపాలన పాతది. ఫ్రెంచి ప్రభుత్వం 1880లోనే ఇక్కడ కమ్యూన్లను ఏర్పరచింది. సముద్రపు ఒడ్డున ఉన్న "మేరీ" భవనం చూసే ఉంటారు. అది ఎవరో అమ్మాయి పేరు కాదు, ఫ్రెంచి భాషలో ఆ మాటకు పురపాలక కార్యాలయం అని అర్థం. పాత కట్టడం 2014లో కూలిపోతే అదే రూపంలో మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు.

భవనం అయితే తిరిగి లేచింది గానీ, ఎన్నికలు మాత్రం అంత క్రమంగా జరగలేదు. 1968 తర్వాత స్థానిక సంస్థల ఎన్నికలు 2006లో జరిగాయి. మధ్యలో 38 ఏళ్లు గడిచాయి. 2006లో గెలిచినవారి గడువు 2011లో ముగిసింది. 2021లో ఎన్నికల ప్రకటన వెలువడినా, కోర్టు వ్యాజ్యాల వల్ల ఆగిపోయింది. ఇదే కాలంలో దేశమంతటా 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993 నుంచి అమలులో ఉన్నాయి. ఐదేళ్లకొకసారి స్థానిక ఎన్నికలు జరగాలన్నది వాటి ఉద్దేశం.

వార్డు సభ్యుడు ఉంటే జనం ఆయన ఇంటికెళ్లి నోటితో చెబుతారు. ఆయన లేనప్పుడు వీధికీ కార్యాలయానికీ మధ్య మిగిలేది కాగితమే. నోటిమాటను మరిచిపోవచ్చు, తేదీ ఉన్న కాగితాన్ని అంత సులువుగా మరవలేరు. తెలంగాణలో సోమవారాల్లో జరిగే "ప్రజావాణి"లో జనం కలెక్టరు చేతికిచ్చేదీ కాగితమే.

మంచి అర్జీకి ఐదు గుణాలు

"మా కాలనీలో ఏ సౌకర్యాలూ లేవు, అధికారులు నిద్రపోతున్నారు, వెంటనే చర్య తీసుకోవాలి." ఇందులో కోపం ఉంది, సమాచారం లేదు. చదివిన ఇంజనీరు ఎక్కడికి వెళ్లాలి? ఏం బాగు చేయాలి?

మంచి అర్జీలో ఒకే సమస్య ఉంటుంది. కచ్చితమైన చోటు ఉంటుంది. ఎప్పటినుంచి అన్న తేదీ ఉంటుంది. ఎవరికి ఏ ఇబ్బంది అన్నది ఉంటుంది. ఏం చేయమంటున్నామో ఉంటుంది. ఈ నమూనా చూడండి.

ప్రజాపనుల శాఖ సహాయ ఇంజనీరు గారికి,
విషయం: పగిలిన మ్యాన్‌హోల్ మూత మార్చడం గురించి.
అయ్యా / అమ్మా,
మా రెండవ అడ్డవీధిలో రేషన్ దుకాణానికి ఎదురుగా ఉన్న మ్యాన్‌హోల్ మూత ఈ నెల 3వ తేదీ నుంచి పగిలి ఉంది. 9వ తేదీ నుంచి ఉదయం పూట కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. రోజూ ఎనిమిది గంటలకు బడిపిల్లలు ఈ దారినే నడుస్తారు. వర్షం పడితే గుంత కనబడదు. దయచేసి మూత మార్పించి, కాలువను యంత్రంతో శుభ్రం చేయించవలసిందిగా కోరుతున్నాం. ఫొటో జతచేశాం.
ఇట్లు,
వీధి నివాసులు (సంతకాలు, ఇంటి నంబర్లు, తేదీ)

"యంత్రంతో" అన్న మాటను గమనించారా? రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మన వీధి బాగుపడడానికి ఇంకొకరి ప్రాణం మీదికి తేకూడదు.

సంతకాలు పెద్దలు చేస్తారు. మరి మన పని ఏమిటి? తేదీలు రాసిపెట్టుకోవడం, దూరం నుంచి ఫొటో తీయడం, ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ ఇబ్బంది ఉందో అడిగి రాయడం. మ్యాన్‌హోల్ దగ్గరికి మాత్రం వెళ్లవద్దు.

ఇచ్చిన తర్వాత

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ముద్ర లేకపోతే మనం ఇచ్చినట్టు రుజువు లేదు. కొన్నాళ్లు చూసి, జవాబు రాకపోతే పాత ప్రతి జతచేసి పై అధికారికి రాయాలి. అప్పటికీ కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. "ఫలానా తేదీన ఇచ్చిన మా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు?" అని పెద్దలు అడిగితే సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. పని జరిగితే ధన్యవాదాలు చెబుతూ రెండు వాక్యాలు రాద్దాం. అలాంటి ఉత్తరాలు కార్యాలయాలకు అరుదుగా వెళతాయి.

ఈలోపు మనకు బదిలీ ఉత్తర్వులు రావచ్చు. అప్పుడు అర్జీ ప్రతులన్నీ ఒక ఫైలులో పెట్టి, ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చేవారికో, పక్కింటివారికో అప్పగించి వెళ్దాం. మనం ఊరు మారినా, ముద్ర పడిన కాగితం ఆ వీధిలోనే ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మనం వెళ్లబోయే ఊళ్లో కూడా, మనకు ముందున్నవాళ్లు ఇలాంటి ఫైలు ఒకటి ఉంచి ఉంటే ఎంత మేలో ఆలోచించండి.

అభ్యాసం

1. మీ ఇల్లు ఏ పురపాలక సంఘం లేదా కమ్యూన్ పంచాయతీ కిందికి వస్తుందో పెద్దల్ని అడిగి రాయండి.
2. 350వ అధికరణం "ప్రతి వ్యక్తి" అనడం వల్ల బదిలీ ఉద్యోగుల కుటుంబాలకు కలిగే మేలేమిటి?
3. బడికి వచ్చే దారిలో మీరు చూసిన ఒక సమస్యను వారం రోజులు గమనించి, తేదీలవారీగా నోటుబుక్కులో రాయండి. ఐదు గుణాలూ ఉండేలా అర్జీ తయారుచేయండి.
4. తమిళం తెలిసిన తోటి విద్యార్థితో కలిసి అదే అర్జీని తమిళంలో రాయించండి. అందులో మీకు వచ్చిన ఐదు కొత్త మాటలు నేర్చుకోండి.