పాత ఫైళ్ల నుంచి రైతు ఖాతా కట్టడం గురించి తమ్ముడికి

బెంగళూరు



నీ మెసేజ్‌లన్నీ చూశాను. ఫోన్లో చెబితే సగం విని "సరేలే అక్కా" అని పెట్టేస్తావు కాబట్టి ఈ ఉత్తరం. ఓపిగ్గా చదువు, అర్థం కాని చోట గీత గీసి పెట్టుకో.

మీ ఆఫీసు వాళ్లు మదనపల్లె టమాటా మండీలకు కొత్త లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. పాతది ప్రతి రైతు ఖాతాను ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాసి పెట్టింది. వాటిని చదివి, కొత్త ప్రోగ్రాంలో రైతు, లోడు, చెల్లింపు అనే ఆబ్జెక్టులుగా మళ్లీ నిలబెట్టడం నీ పని. "లైబ్రరీ ఉందక్కా, రెండు రోజుల్లో అయిపోతుంది" అన్నావు. లైబ్రరీ ఉన్న మాట నిజమే. ఫైలు చదవడం వరకు రెండు రోజులు కూడా పట్టదు. ఖాతా కట్టడం మాత్రం ఫైలు చదవడంతో అయిపోయే పని కాదు.

లైబ్రరీ ఏం చేస్తుందో ముందు చూడు. జావాలో జాక్స్‌బీ అయినా, డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ అయినా పద్ధతి ఇంచుమించు ఒకటే. ఏ వివరమూ అడక్కుండా ముందు ఖాళీ ఆబ్జెక్టును పుట్టిస్తుంది. ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ కావాలని అది పట్టుబట్టేది ఇందుకే. తర్వాత ట్యాగు పేరు చూసుకుంటూ ఒక్కో ఫీల్డూ నింపుతుంది. పేరు లేకుండా ఖాతా తెరవకూడదని, చెల్లింపు సరుకు విలువను మించకూడదని నువ్వు కన్‌స్ట్రక్టర్లో రాసుకున్న కట్టుబాట్లు ఆ దారిలో ఒక్కటీ నడవవు. మామూలుగా పుట్టడానికి వీల్లేని ఆబ్జెక్టు దొడ్డిదారిన పుట్టి, మిగతా ప్రోగ్రాంలో పెద్దమనిషిలా తిరుగుతుంది.

అందుకే రెండంచెలుగా చెయ్యి. లైబ్రరీ చేత నింపించే క్లాసు వేరుగా పెట్టు. అందులో కట్టుబాట్లు ఉండవు, లెక్కలు ఉండవు, ఫీల్డులన్నీ దాదాపు స్ట్రింగులే. ఫైల్లో ఏముందో అదే అందులో ఉంటుంది. రెండో అంచెలో నువ్వు చేత్తో రాసిన కోడు దాన్ని చదివి, ఒక్కొక్కటీ తనిఖీ చేసి, అసలు రైతు క్లాసును దాని మామూలు కన్‌స్ట్రక్టర్ గుండానే పుట్టించాలి. కొత్తగా మండీకొచ్చి ఖాతా తెరిచే రైతు ఏ గుమ్మం దాటి వస్తాడో, పాత ఫైల్లోంచి లేచొచ్చే రైతూ అదే గుమ్మం దాటాలి. కోడు రెట్టింపు అవుతోందని మీ టీం లీడ్ గొణుగుతాడు. గొణగనీ.

ఇప్పుడు నువ్వడిగిన 'జేపీ' ట్యాగు సంగతి. అందులో 10 అని, 8 అని అంకెలు ఉన్నాయి, అదేంటో ఆఫీసులో ఎవరికీ తెలీదన్నావు. నువ్వు తంబళ్లపల్లె వాడివేనా అసలు! నాయన టమాటా తోలి వచ్చిన ప్రతిసారీ తిట్టుకునే జాక్‌పాట్ అయ్యుంటుంది అది. వేలం అయ్యాక నూటికి ఇన్ని క్రేట్లని పక్కకు తీసేసి, మిగతా వాటికే డబ్బు కట్టే అలవాటు. అది న్యాయమా అన్నది వేరే ఉత్తరానికి సరిపడే విషయం. నీ పనికి సంబంధించినంతవరకు ప్రశ్న ఇది: 10 అంటే నూటికి పదా, ఆ లోడు మొత్తానికి పదా? పక్కనే ఉన్న క్రేట్ల సంఖ్య, జాక్‌పాట్ తీసేయక ముందుదా, తీసేశాకదా? క్రేటుకు ఎన్ని కిలోలు? ఫైలు ఇవేవీ చెప్పదు. పాత ప్రోగ్రాం రాసినవాడి బుర్రలో, ఆ కోడులో ఉన్న అర్థాన్ని వదిలేసి అంకెను మాత్రమే ఫైల్లో రాసి పెట్టారు. ఎక్స్‌ఎంఎల్ గొప్పదనం ఏమిటంటే ప్రతి అంకెకూ ఒక పేరు తగిలించడం. 1998లో డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ప్రకటించినప్పటి నుంచి మనుషులు కూడా చదువుకోగలిగిన ఫార్మాట్ అని చెప్పుకుంటూనే ఉన్నాం. పేరు చదవగలిగినంత మాత్రాన సంగతి తెలిసినట్టు కాదు.

కాబట్టి ఒక పూట పోయి మండీలో పాత గుమాస్తా పక్కన కూర్చో. నాలుగు పాత పట్టీలు తీసుకుని, వాటి తాలూకు ఫైళ్లు పక్కన పెట్టుకుని, కాగితం మీద మొత్తం ఎలా వచ్చిందో ఆయన చేత చెప్పించు. ఫైల్లో మొత్తం అనే ట్యాగు ఉంటే దాన్ని తెచ్చి ఆబ్జెక్టులో పెట్టొద్దు. నీ కోడు మళ్లీ లెక్క కట్టాలి, ఫైల్లో ఉన్నదానితో పోల్చాలి, తేడా వస్తే ఆ ఖాతాను పక్కన పెట్టి మనిషికి చూపించాలి. జేపీ అర్థం నువ్వు సరిగ్గా పట్టుకున్నావో లేదో ఆ పోలికలోనే తేలిపోతుంది. డబ్బు లెక్కలకు డబుల్ వాడొద్దని నీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు; బిగ్‌డెసిమల్ వాడు.

ఇంకొకటి, లేకపోవడమూ సున్నా ఒకటి కావు. పాత బాకీ ట్యాగు కొన్ని ఫైళ్లలో అసలు లేదు. జావాలో ఆ ఫీల్డును ఇంట్ అని పెడితే, ట్యాగు లేనప్పుడు నిశ్శబ్దంగా సున్నా అయి కూర్చుంటుంది. అడ్వాన్సు తీసుకున్న రైతుకు బాకీ లేదని నీ ప్రోగ్రాం చెబుతుంది, లేదా తీర్చేసినవాడి లెక్క తెలియకుండా పోతుంది. దీని రెండో వైపు కూడా చూడు. నీ క్లాసులో లేని ట్యాగు ఫైల్లో కనిపిస్తే జాక్స్‌బీ మామూలుగా నోరెత్తదు, దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. ఈ మౌనం నాకు నచ్చదు. ఈవెంట్ హ్యాండ్లర్ పెట్టి, తెలియని ట్యాగు కనబడిన ప్రతిసారీ లాగ్‌లో రాయించు. మొదటి వారం లాగ్ నిండిపోతుంది, భయపడకు. పాత ప్రోగ్రాం ఎన్నిసార్లు మారిందో చెప్పే చరిత్ర అంతా అందులోనే ఉంటుంది.

ఇక జిల్లా. "జిల్లాను ఈనమ్‌గా పెట్టాను, ఫైళ్లు ఆగిపోవు" అని గర్వంగా రాశావు. ఫైళ్లు ఆగవు నిజమే, కానీ తప్పుగా నడుస్తాయి. మన ఊరి కథే చూడు. మదనపల్లె ప్రాంతం ఒకప్పుడు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా కట్టినప్పుడు ఇటొచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు తంబళ్లపల్లె, మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. ఊరు అంగుళం కదలలేదు, చిరునామా మారింది.

ఇప్పుడు 2021 నాటి ఫైల్లో మన ఊరి రైతుకు చిత్తూరు జిల్లా అని ఉంటుంది. అది తప్పు కాదు, ఆ రోజుకు అదే నిజం. 2023 ఫైల్లో అదే రైతుకు అన్నమయ్య. నువ్వు జిల్లా పేరును బట్టి ఆబ్జెక్టు కడితే ఒక రైతు ఇద్దరవుతాడు. పోనీ చిత్తూరు కనిపించిన చోటల్లా అన్నమయ్య అని మార్చేస్తే కుప్పం రైతులందరినీ జిల్లా దాటించేస్తావు. మండలం చూసి మార్చాలి, దానికి తోడు ఫైలు తేదీ చూడాలి. జిల్లాల గీతల మీద కసరత్తు 2022తో ఆగిపోలేదు కూడా. కాబట్టి జిల్లాను కోడులో ఈనమ్‌గా బిగించొద్దు. ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక డేటాబేసులో పెట్టు, రేపు మళ్లీ మారితే ఒక వరుస చేరుస్తావు, అంతే.

పేర్లను తాళంచెవిగా వాడొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. తంబళ్లపల్లె, తంబళ్ళపల్లె, తంబళ్లపల్లి మూడూ ఫైళ్లలో ఉంటాయి. ఇంగ్లీషులో మొదటి అక్షరం తర్వాత హెచ్ పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు సరేసరి. కంటికి ఒకేలా కనిపించే రెండు తెలుగు మాటల్లో ఒకదాని మధ్య, కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దాక్కుని ఉండొచ్చు. స్ట్రింగ్ పోలికలో అవి రెండూ వేరు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో గ్రామానికి, మండలానికి, జిల్లాకు కోడ్‌లు ఉన్నాయి. రెండో అంచెలో పేరు చూసి ఆ కోడ్‌కు మార్చు. మార్చలేని పేర్లను ఊహించకుండా ఒక జాబితాగా తీసి నాకో, గుమాస్తాకో చూపించు.

రైతుల గుర్తింపు కోసం ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైళ్లు కూడా చదవాలన్నావు కదా. అదీ ఎక్స్‌ఎంఎల్లే. అందులో రిఫరెన్స్ ఐడీ అనే ఆట్రిబ్యూట్‌లో మొదటి నాలుగు అంకెలు ఆధార్ చివరి నాలుగు అంకెలు, ఆ తర్వాత 17 అంకెలు తేదీ, సమయం. అంకెలే కదా అని దాన్ని నంబరుగా చదివావో, మొత్తం 21 అంకెలు లాంగ్‌లో పట్టవు, డబుల్‌లో చివరివి చెరిగిపోతాయి. బిగ్‌ఇంటీజర్ పెట్టినా, ఆధార్ చివరి నాలుగు 0417 లాంటివైతే ముందున్న సున్నా రాలిపోతుంది. అప్పుడు తమాషా చూడు. ఫోన్ నంబరు సరిపోల్చడానికి, నంబరును షేర్ కోడ్‌తో కలిపి, ఆధార్ చివరి అంకె ఎంతో అన్నిసార్లు హాష్ చేయాలి. 0 గానీ 1 గానీ అయితే ఒకసారే. సున్నా రాలిపోయిన రైతుకు నాలుగో స్థానంలో ఉండేది ఆధార్ అంకె కాదు, సంవత్సరం తాలూకు 2. ఏడుసార్లు చేయాల్సిన హాష్ రెండుసార్లు చేస్తావు, ఫోన్ నంబరు తప్పని రైతును వెనక్కి పంపుతావు. పదిమందిలో తొమ్మిదిమందికి బాగానే పనిచేస్తుంది కాబట్టి తప్పు అతనిదే అనుకుంటారు. కూడికలు, తీసివేతలు చేయని అంకెలన్నీ స్ట్రింగులే. పిన్‌కోడ్, సర్వే నంబరు, ఖాతా నంబరు, అన్నీ.

ఆ ఫైలు మీద డిజిటల్ సంతకం ఉంటుంది. ముందు సంతకం సరిచూసి, ఆ తర్వాతే లోపలికి తొంగిచూడు. చూడ్డానికి బాగుంటుందని ఫైలును అందంగా ఇండెంట్ చేసి దాచితే సంతకం చెల్లదు. వచ్చిన బైట్లను వచ్చినట్టే దాచు.

ఎక్స్‌ఎంఎల్ చెట్టులా ఉంటుంది, ఒకదాని కడుపులో ఒకటి. ఆబ్జెక్టులు అలా ఉండవు. ఒకే రైతు పది లోడుల్లో కనిపిస్తాడు. ప్రతి లోడు లోపలా రైతు వివరాలు మళ్లీ రాసి ఉంటే, లైబ్రరీ పదిమంది రైతుల్ని పుట్టిస్తుంది. ఒకరి ఫోన్ నంబరు మారిస్తే మిగతా తొమ్మిదిమంది పాత నంబరుతోనే ఉంటారు. ముందు ఒక దఫా రైతులందర్నీ ఖాతా నంబరుతో పుట్టించి మ్యాప్‌లో పెట్టు, రెండో దఫా లోడులు చదువుతూ ఆ మ్యాప్ నుంచి ముడి వెయ్యి. మ్యాప్‌లో దొరకని రైతును అప్పటికప్పుడు పుట్టించొద్దు. అలాంటి లోడును పక్కన పెట్టు.

భద్రత గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ఏ క్లాసు పుట్టించాలో ఫైలు చెప్పే పద్ధతి ఎక్కడ కనిపించినా అక్కడి నుంచి జరుగు. 2017 సెప్టెంబరులో అపాచీ స్ట్రట్స్ రెస్ట్ ప్లగిన్‌లో బయటపడ్డ లోపం అలాంటిదే. బయటి నుంచి వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌ను ఎక్స్‌స్ట్రీమ్ లైబ్రరీ, ఏ రకాలు రావచ్చో చూసుకోకుండా ఆబ్జెక్టులుగా మార్చేది. దాడి చేసేవాడు తనకు కావాల్సిన క్లాసుల పేర్లు రాసి పంపి, సర్వర్ మీద తన ఆదేశాలు నడపగలిగేవాడు. ఇదే రకం ప్రమాదం వల్ల మైక్రోసాఫ్ట్ 2024 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 9లో బైనరీ ఫార్మాటర్‌ను పనిచేయకుండా తీసేసింది. క్లాసు పేరు నీ కోడులో ఉండాలి, ఫైల్లో విలువలే ఉండాలి. అలాగే పార్సర్‌లో డీటీడీ ఆపేయ్. లేకపోతే వెయ్యి అక్షరాలు కూడా లేని ఫైలు, ఒక మాటను పది, ఆ పదిని మళ్లీ పది అని పెంచుకుంటూ పోయి వంద కోట్ల మాటలై సర్వర్ మెమరీని మింగేస్తుంది. దాడి చేసేవాడు బయటి ఎంటిటీల పేరుతో నీ సర్వర్లోని ఫైళ్లను చదివించుకోనూ వచ్చు. మండీ ఫైళ్లలో డీటీడీతో ఎవరికీ పని లేదు.

పాత ఫైళ్లను చదివేశాం కదా అని చెరిపేయొద్దు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో దస్త్రాలు కాలినప్పుడు, నాయన మొదట అడిగింది మన పట్టా నకలు ఇంట్లో ఉందా అనే. అసలు ఫైళ్లు రెండు చోట్ల ఉండాలి. ఏ ఆబ్జెక్టు ఏ ఫైలు నుంచి, నీ కోడు ఏ వెర్షన్‌తో పుట్టిందో దాని పక్కనే రాసి ఉండాలి. జేపీ అర్థం తప్పని వచ్చే ఏడాది తేలితే, ఆ రోజు అసలు ఫైళ్ల నుంచి మళ్లీ కట్టుకోవాలి కదా. నువ్వు కొత్తగా రాసే ఫైళ్లకు మొదటి ట్యాగులోనే వెర్షన్ నంబరు పెట్టు. రేపు నీ ఫైళ్లు చదవబోయే పిల్లాడు నిన్ను తిట్టుకోకుండా ఉంటాడు.

ముందుగా ఒక పని చేసి పెట్టు. ప్రతి ఏడాదికి నాలుగైదు ఫైళ్లు ఏరు. మామూలువి వద్దు, బాకీ ట్యాగు లేనిది, జేపీ ఉన్నది, జిల్లా మారిన 2022కు ముందు ఒకటి, తర్వాత ఒకటి, చింతామణి, శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చిన కర్ణాటక రైతుది ఒకటి. వాటికి మొత్తం ఎంత రావాలో గుమాస్తా చెప్పిన అంకెలు పక్కన రాసి టెస్టులుగా పెట్టు. కోడు రాసేది ఆ తర్వాత. ఆ ఫైళ్లు నాకూ పంపు, శనివారం కూర్చుని చూస్తాను. పంపే ముందు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు మార్చేయ్. అంకెల పొడవు, ముందున్న సున్నాలు మాత్రం అలాగే ఉంచు.

అమ్మతో నేను శివరాత్రికి వస్తున్నానని చెప్పు.

ఇట్లు,
అక్క